లోయిస్‌కి తెలియని మరణం

పోయిన వానాకాలం అరకులో రెండు రోజులు అడుగు బయట పెట్టనివ్వని వాన పట్టింది. నేను ఉంటున్న ఇంటి అక్క, ఆమె కూతురు, నేను ముగ్గురం నా లాప్‌టాప్ ముందు కూర్చుని 1978 నాటి ‘సూపర్‌మాన్’ చూశాం. ఇంగ్లీషు మాటలు అక్కకి అందవు కాబట్టి మధ్యమధ్య నేనే చెబుతూ వచ్చాను. చివర్లో భూకంపం వచ్చి, బీటలువారిన నేలలో లోయిస్ లేన్ కారు కూరుకుపోయి, ఆమె ఊపిరాడక చనిపోతుంది. సూపర్‌మాన్ ఆమెని బయటికి తీసి పడుకోబెట్టి ఒక్క అరుపు అరుస్తాడు. తర్వాత ఆకాశంలోకి లేచి భూమి చుట్టూ తిరిగి తిరిగి కాలాన్ని వెనక్కి నడిపిస్తాడు. లోయిస్ మళ్ళీ బతికే ఉంటుంది, కారు ఆగిపోయిందని విసుక్కుంటూ. కూతురు చప్పట్లు కొట్టింది. అక్క మాత్రం, “అయితే తాను సచ్చిపోయినట్టు ఆ పిల్లకి తెల్దన్నమాట” అంది. కాసేపాగి, “ఎవులూ సెప్పరా ఆమెకి?” అని అడిగింది.

చిన్నప్పుడు టీవీలో ఈ సినిమా చూసి నేనూ చప్పట్లు కొట్టినదాన్నే. సాహిత్యంలో పరిశోధన చేసి, కథనం గురించీ కర్తృత్వం గురించీ పేజీలకి పేజీలు రాసిన తర్వాత కూడా ఈ ప్రశ్న నాకు తట్టలేదు.

జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్ళు సృష్టించిన సూపర్‌మాన్ 1938లో కామిక్ పుస్తకంలో కనిపించాడు. లోయిస్ కూడా ఆ మొదటి సంచికలోనే ఉంది. ఆమె విలేకరి. జరిగినదాన్ని కళ్ళతో చూసి లోకానికి చెప్పడం ఆమె వృత్తి. రిచర్డ్ డానర్ తీసిన సినిమాలో మార్గొట్ కిడర్ ఆ పాత్రకి మంచి చురుకుదనం ఇచ్చింది. అలాంటి మనిషికి తన జీవితంలోకెల్లా పెద్ద వార్త, తన మరణం, తెలియకుండా పోతుంది. అది తెలిసినవాడు ఒక్కడే. అతను చెప్పడు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. తెలిసి చావడం కన్నా తెలియకుండా బతకడం మేలు కాదా? మేలే. లోయిస్ చచ్చిపోవాల్సిందని నేను వాదించడం లేదు. నా సందేహం ఆమె బతికిన తర్వాతి క్షణం గురించి. ప్రాణం కాపాడటం ఒక పని. ఆమెకి జరిగినదాన్ని ఆమె దగ్గర దాచిపెట్టడం ఇంకో పని. సినిమా ఈ రెండింటినీ ఒకటే ప్రేమగా చూపిస్తుంది. మనం కూడా మన ఇళ్ళలో అలాగే చూస్తాం. డాక్టరు చెప్పిన జబ్బు అమ్మకి చెప్పం. ఆస్తి కాగితాల్లో ఏముందో అక్కచెల్లెళ్ళకి చెప్పం. అంతా “ఆమె మంచికే”.

ఈసారి చూసినప్పుడు నన్ను ఆపిన మనిషి మరొకామె ఉంది. ఈవ్ టెష్‌మాకర్, విలన్ లెక్స్ లూథర్ దగ్గరుండే స్త్రీ. సూపర్‌మాన్ మెడలో క్రిప్టొనైట్ వేలాడుతూ నీళ్ళలో మునిగిపోతుంటే కాపాడేది ఆమే. ఊరికే కాపాడదు, ఒక షరతు పెడుతుంది. రెండు క్షిపణుల్లో ఒకటి హాకెన్‌సాక్ మీదికి పోతోంది, అక్కడ తన తల్లి ఉంది, ముందు దాన్ని ఆపాలి. అతను మాటిస్తాడు, నిలబెట్టుకుంటాడు. అందువల్లే రెండో క్షిపణి పేలుతుంది, లోయిస్ చనిపోతుంది. నా దృష్టిలో సినిమా మొత్తంలో నైతికంగా నిజమైన ఘట్టం ఇదే. ఒక స్త్రీ తనకేం కావాలో చెప్పింది, బలవంతుడు విని దానికి కట్టుబడ్డాడు. కాలాన్ని వెనక్కి తిప్పినప్పుడు మాత్రం ఎవరినీ అడగలేదు. మనుషుల చరిత్రలో జోక్యం వద్దన్న తన తండ్రి హెచ్చరికనీ పక్కకి నెట్టాడు. మనకి గుర్తుండేది ఆ ఎగరడమే. ఈవ్ ఎవరికీ గుర్తుండదు.

తెలుగులోకి వచ్చేసరికి ఈ రక్షకుడికి దైవబలం తోడైంది. 1980లో వి. మధుసూదనరావు దర్శకత్వంలో ఎన్.టి. రామారావు నటించిన ‘సూపర్‌మాన్’లో హీరోకి శక్తులు ఆంజనేయుడి వరంగా వస్తాయి. అంతకు ముందే, 1974లో, కృష్ణ ‘అల్లూరి సీతారామరాజు’ ఈ మన్యాన్ని ఒక వీరుడి పేరుతో మన మనసుల్లో నిలిపింది. 1922-24 పోరాటంలో గాం గంటందొర, గాం మల్లుదొరల వంటి స్థానిక నాయకుల పాత్ర గురించి మైదానంలో ఎంతమందికి తెలుసు? 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకీ అల్లూరి పేరే పెట్టారు. ఆయన త్యాగం చిన్నదని కాదు. కొండల కథ చెప్పాలంటే కింది నుంచి ఒకడు ఎక్కి రావాలన్న అలవాటు మనకి ఎంతగా పట్టిందో గమనించమంటున్నాను.

లూథర్ పథకం కూడా భూమి గురించినదే. ఎందుకూ పనికిరాని ఎడారిని చవగ్గా కొని, కాలిఫోర్నియా తీరాన్ని సముద్రంలో ముంచేస్తే తన ఎడారే కొత్త తీరం అవుతుందని అతని లెక్క. ఈ దృశ్యానికి అక్కకి నా వివరణ అవసరం పడలేదు. అరకు పక్కన అనంతగిరి మండలం బొర్రా గ్రామాల్లో గనుల లీజుల మీద సమత సంస్థ కోర్టుకి వెళ్ళింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకి గనుల కోసం లీజుకివ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇందులో ఎవరూ ఎగరలేదు. తమ నేల తమదని పట్టుబట్టిన మనుషులూ, కాగితాలూ, వాయిదాలూ ఉన్నాయి.

వాకపల్లి విషయంలో అదీ జరగలేదు. 2007 ఆగస్టు 20న తమపై గ్రేహౌండ్స్ పోలీసులు సామూహిక అత్యాచారం చేశారని పదకొండు మంది కోదు స్త్రీలు చెప్పారు. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు నిందితుల్ని నిర్దోషులుగా విడుదల చేసింది. దర్యాప్తు సరిగా జరగలేదని తప్పుపట్టింది, ఆ స్త్రీలకి పరిహారం ఇవ్వమంది. పదహారేళ్ళ పాటు వాళ్ళు కాలాన్ని వెనక్కి తిప్పమని ఎవరినీ అడగలేదు. చెప్పింది వినమన్నారు, నమ్మమన్నారు. మనిషి ఎగరగలడని నమ్మిస్తామంటూ ఆ సినిమాకి ప్రచారం చేశారు, లోకం సంతోషంగా నమ్మింది. స్త్రీలు తమకి జరిగింది చెబితే మాత్రం మనకి రుజువులు చాలవు.

ఇంతవరకు రాసి ఆగిపోతే నేను మిగిలినవాళ్ళ తప్పులు లెక్కపెట్టినదాన్నే అవుతాను. మూడేళ్ళ క్రితం ఈ అక్కే నా రికార్డరు ముందు తన కథ చెప్పింది. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1959 నాటి చట్టం, దానికి 1970లో వచ్చిన సవరణ చెబుతాయి. అందుకని ఆమెతో కాపురం పెట్టిన మైదానం మనిషి ఒకతను ఆమె పేరు మీదే లాడ్జీ కట్టాడు. సంతకాలు ఆమెవి, డబ్బు అతనిది. నా వ్యాసంలో పాటల గురించి ఆమె చెప్పినదంతా ఉంచాను, ఇది తీసేశాను. ఆమెకి ముప్పు రాకూడదనుకున్నాను. ఆమెని అడగలేదు.

ఆ వానరాత్రి, సినిమా అయ్యాక, ఆ సంగతి ఆమెకి చెప్పాను. అక్క వెంటనే ఏమీ అనలేదు. పొయ్యి దగ్గరికి వెళ్ళి కట్టెలు ఎగదోసింది. “నువ్వు రాసావనే అనుకున్నాను” అంది. “రాసాక ఎవులైనా వస్తారేమో అని సూసాను. ఎవులూ రాలేదు. నా మాటకి బలం లేదనుకున్నాను.”

ముప్పు నిజమే. వ్యాసం అచ్చయి ఉంటే ఆమె ఇబ్బంది పడి ఉండేదేమో. కానీ ఆ ఇబ్బందిని తూచి, చెప్పడానికే సిద్ధపడిన మనిషి ఆమె. నేను ఆమెని దేన్నుంచి కాపాడానో గానీ, మూడేళ్ళు తన మాట మీద తనకే అనుమానం పుట్టేలా చేశాను. లోయిస్‌కి కనీసం ఆ అనుమానం లేదు.

స్త్రీల అనుభవాల్ని సేకరించే మన పనిలో గోప్యత అవసరమే. పేర్లు మార్చాలి, ఊళ్ళు దాచాలి. అయితే ఏది దాచాలన్న నిర్ణయం ఎవరిది? ఈవ్‌లా షరతు పెట్టే అవకాశం మనకి కథ చెప్పే మనిషికి ఇస్తున్నామా, లేక చెప్పింది తీసుకుని ఎగిరిపోతున్నామా? ఒకసారి సంతకం పెట్టిన అంగీకార పత్రం దీనికి సరిపోదని నాకిప్పుడు అర్థమవుతోంది. రాసినది తీసుకుని మళ్ళీ కొండెక్కాలి, చదివి వినిపించాలి.

ఈ వ్యాసాన్ని అక్కకి చదివి వినిపించాను. లాడ్జీ సంగతి ఉంచమంది. ఇంకో రెండు వాక్యాలు తీసెయ్యమంది. తీసేశాను.