తప్పిపోయిన అంకె

గాయకుడు పాడాడు, కంపెనీ రికార్డు చేసింది, కానీ పాట అంగట్లోకి రాలేదు. ఇలాంటి వదంతిని తేల్చడానికి మొదట పనికొచ్చేది చెవి కాదు, అంకె. పాత 78 ఆర్‌పీఎం లక్క రికార్డుకు రెండు నంబర్లుంటాయి. లేబుల్ మీద అచ్చయ్యే కేటలాగ్ నంబరు అమ్మకానికి పెట్టినప్పటిది. లేబుల్‌కీ చివరి గాడికీ మధ్య నున్నటి జాగాలో, రికార్డును వెలుతురుకు ఏటవాలుగా పడితే కనబడే మ్యాట్రిక్స్ నంబరు పాడిన నాటిది. వరసగా నడిచే ఈ మ్యాట్రిక్స్ నంబర్లలో ఒక అంకెకు రికార్డు దొరక్కపోతే అనుమానం అక్కడ మొదలవుతుంది.

సరూర్‌నగర్ చెరువు కట్ట మీద సాయంత్రాలు నడిచే ఇద్దరి వాదం ఆ ఖాళీ గురించే. ఒకరు నల్లగొండ నుంచి వచ్చి స్థిరపడ్డ తత్వశాస్త్రం లెక్చరర్, ఇప్పుడు రిటైరయ్యారు. రెండోవాడు పాత రికార్డులు పోగేసే యువకుడు.

"అంకె ఉండి రికార్డు లేదంటే పాట దాగినట్టే గద సార్?"

"ఆ పూట పాట చెక్కే మైనం పళ్లెం మీద ముల్లు పెట్టిండ్రని మాత్రమే చెప్తది తమ్మీ. గొంతు జీరబోయి ఉండొచ్చు. మైనం పగిలి ఉండొచ్చు. అదే పాటను మళ్ల పాడించి ఇంకో నంబరు వేసి ఉండొచ్చు."

"మరి ఘంటసాల గారు? 1974 ఫిబ్రవరి 11న పోయిండ్రు, భగవద్గీత ఎల్పీ ఆ తర్వాతనే వచ్చింది. నడుమ ఆ రోజుల్ల గీత లేదందమా?"

"అది వదంతి కాదు గద. పాడించినోళ్లున్నరు, వాయించినోళ్లున్నరు, టేపు ఏడున్నదో కంపెనీకి తెలుసు. బీటిల్స్ వాళ్ల 'కార్నివాల్ ఆఫ్ లైట్' చూడు. 1967 జనవరి 5న రికార్డు చేసిండ్రు, దగ్గర దగ్గర పద్నాలుగు నిమిషాలు. ఇంతవరకు విడుదల కాలే. అయినా అది లేదని ఎవరూ అనరు. లండన్‌ల జనం ముందర వినిపించిండ్రు."

"సాక్షులంతా పోయినంక?"

ఈ ప్రశ్నకు తెలుగువాళ్ల దగ్గరే గట్టి ఉదాహరణ ఉంది. అన్నమయ్య 32,000 సంకీర్తనలు చెప్పాడని ప్రతీతి. తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో రాగిరేకుల మీద చెక్కిన పాటలు 1922లో వెలుగు చూసేదాకా, ఆ మాట చాలామందికి వట్టి గొప్పగానే వినిపించి ఉంటుంది. దొరికినవి సుమారు 14,000. మిగతావి పోయిన రేకులా, భక్తితో పెరిగిన అంకెనా అన్నది తేలలేదు.

"సగం నిజమైంది గద సార్, మిగిలిన సగాన్ని నమ్మొద్దా?"

"నమ్మకం వేరు, వెతుకుడు వేరు. రేకుల మాటకు ఒక గది ఉన్నది. తెరిచి చూస్తే ఉన్నయో లేవో తెలుస్తది. 'ఎవరో దాచిండ్రు', 'ఎవరో కాలబెట్టిండ్రు' అనే కథకు గది లేదు. ఎంత వెతికినా ఓడదు. ఓడని మాటతోని మనకేం పని?"

లెక్చరర్ వాదం కొంచెం కఠినమే. కాలిపోయిన టేపులు నిజంగానే ఉంటాయి, వాటికి గది చూపడం ఎవరి తరమూ కాదు. అయితే వెతికేవాడికి ఆయన మాటే పనికొస్తుంది. హార్డ్‌డిస్క్ కాలంలో మరీను: ఫైలును కాపీ చేస్తే తేదీ మారిపోవచ్చు, పోయిన గాయకుడి గొంతును ఏఐ అనుకరిస్తుంది. "లీకైన పాట" చేతికొచ్చినా, అది ఆయన పాడిందేనని గొంతు ఒక్కటే రుజువు చేయలేదు.

"అయితే ఏం చూడాలె సార్?"

"పాటను పక్కకు పెట్టి, డబ్బు ఎటు పోయిందో చూడు. ఆనాడు తబలా వాయించినాయనకు కూలి ఇచ్చిన రసీదు ఉంటే, తారీఖు ఉంటది, స్టూడియో పేరు ఉంటది. ఆ స్టూడియో రిజిస్టర్ల ఆ తారీఖు పేజీ తెరువు."