ఏడు దారులు, ఒక సంకల్పం



మన వీడియోలు చూసే పాతికేళ్ల పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది మోక్షం గురించి కాదు. "స్వామీ, ఏది తీసుకోమంటారు?" అని అడుగుతారు. అమెరికాలో ఎం.ఎస్. చేయాలా, బెంగళూరు ఉద్యోగంలోనే ఉండాలా, గ్రూప్స్‌కి చదవాలా? ఈ సంబంధం ఒప్పుకోవాలా, ఇంకో రెండేళ్లు ఆగాలా? మన తాతలకు దారి దొరక్క కష్టం. మీకు దారులు ఎక్కువై కష్టం. ఇది చిన్న బాధ అని నేననను. రాత్రి రెండింటిదాకా ఫోన్లో పోల్చి చూసుకుంటూ నిద్రపోని పిల్లలు నాకు తెలుసు.

గీత రెండో అధ్యాయం 41వ శ్లోకంలో కృష్ణ పరమాత్మ దీని గురించే చెప్పాడు. నిశ్చయం ఉన్నవాడి బుద్ధి ఒక్కటిగా ఉంటుంది, నిశ్చయం లేనివాడి బుద్ధి కొమ్మలు కొమ్మలుగా, అంతు లేకుండా చీలిపోతుంది అని ఆ శ్లోకం భావం. కొమ్మలు ఎక్కడున్నాయన్నాడో గమనించండి. లోకంలో కాదు, బుద్ధిలో. అదే అధ్యాయం 67వ శ్లోకంలో ఇంకో మాట అంటాడు: ఇంద్రియాల వెంట పోయే మనసు, నీళ్లమీది నావను గాలి లాక్కుపోయినట్టు వివేకాన్ని లాక్కుపోతుంది.

మా నెల్లూరు తీరంలో ఈ పోలికను విడమరిచి చెప్పక్కర్లేదు. మైపాడులోనో కృష్ణపట్నంలోనో వేటకెళ్లేవాళ్లని అడగండి, సముద్రం మీద గాలి ఉంటుంది, ఎటైనా తిరుగుతుంది. ఎటు పోవాలో తేల్చుకుని పడవెక్కినవాడు ఆ గాలిలోనే దారి చూసుకుంటాడు. తేల్చుకోనివాణ్ని అదే గాలి తిప్పుతుంది.

మరి తేల్చుకోవడం ఎట్లా? మన పెద్దలు దానికి ఒక పద్ధతి పెట్టారు. మీరు దాన్ని రోజూ వింటారు, పట్టించుకోరు. అదే సంకల్పం.

పూజ మొదలుపెట్టే ముందు పంతులుగారు ఏం చెప్పిస్తారు? ముందు ఎక్కడున్నామో చెప్పిస్తారు. శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో కూడా చెప్తాం, మా నెల్లూరైతే ఆగ్నేయం. తర్వాత ఏ సంవత్సరం, ఏ మాసం, ఏ తిథి. తర్వాత మన గోత్రం, పేరు, కుటుంబం. ఆ తర్వాత ఎందుకోసం చేస్తున్నామో చెప్పి, అప్పుడు నీళ్లు వదులుతాం. పూజ ఏదైనా సరే, ఈ నాలుగూ చెప్పకుండా పువ్వు ముట్టుకోం. మీరేమో నేరుగా పువ్వుల దగ్గర మొదలుపెడుతున్నారు. ఎక్కడున్నాను, ఏ వయసులో ఉన్నాను, ఎవరి బిడ్డని, ఎందుకు చేస్తున్నాను అని అనుకోకుండా, ఏ పువ్వు బాగుందని వెతికితే తోటంతా తిరిగినా తెగదు.

మైపాడు దగ్గర ఊరి కుర్రాడు ఒకడు నా దగ్గరకొచ్చాడు. వాళ్ల నాయనకు రొయ్యల గుంటలున్నాయి, వాటిమీద అప్పుంది. వీడికి బెంగళూరులో ఉద్యోగం, అమెరికాలో రెండు యూనివర్సిటీల్లో సీటు. ఎక్సెల్ షీట్లో ఏడు దారులు రాసి, ఒక్కోదానికి మార్కులేసి తెచ్చాడు. "మార్కులు బాగానే ఉన్నాయి నాయనా, నీ సంకల్పం చెప్పు" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "మా నాయన ఆరోగ్యం బాగలేదు స్వామీ. ఆయన ఉండగా ఆ అప్పు తీరాలి, ఆయన కళ్లతో చూడాలి" అన్నాడు.

ఆ మాటతో ఏడింటిలో నాలుగు వాటంతటవే పడిపోయాయి. మిగిలిన మూడింట్లో చెన్నై ఉద్యోగం తీసుకున్నాడు, వారం వారం రైలెక్కి ఇంటికి రావచ్చని. రాలేనని అమెరికాకు మెయిల్ పెట్టేటప్పుడు చెయ్యి ఆడలేదన్నాడు. ఆడదు. ఒక తలుపు మూస్తే నొప్పి ఉంటుంది. నొప్పి ఉందని నిర్ణయం తప్పైపోదు.

ఆ తర్వాత ఒక పంట వైట్‌స్పాట్ తెగులుతో పోయింది. "తప్పు చేశానా స్వామీ?" అని ఫోన్ చేశాడు. "గుంటలో రొయ్య నీ చేతిలో లేదు, నాయన పక్కన నిలబడటం నీ చేతిలో ఉంది. నిలబడ్డావు కదా" అన్నాను. ఫలం మీద అధికారం లేదని భగవంతుడు చెప్పింది ఇలాంటి రోజు కోసమే.

ద్వారకలో అర్జునుడి ముందు ఉన్నవి రెండే దారులు. ఒకవైపు నారాయణ సేన మొత్తం, ఇంకోవైపు ఆయుధం పట్టని కృష్ణుడు. మార్కులేస్తే సేనకే ఎక్కువ వస్తాయి. అర్జునుడు లెక్క వేయలేదు. ఎవరి పక్కన ఉండాలో అతనికి ముందే తెలుసు.

ఉద్యోగపర్వంలోని ఈ ఘట్టాన్ని తెలుగు చేసింది మా నెల్లూరి తిక్కన సోమయాజే. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి దగ్గర మంత్రిగా ఉన్న మనిషి. ఆయన ముందు కూడా దారులున్నాయి. నన్నయ ఆపిన అరణ్యపర్వం సగంలో ఉంది. శైవులు, వైష్ణవులు వాదించుకునే కాలం. అంతకుముందు నిర్వచనోత్తర రామాయణాన్ని రాజుకే అంకితమిచ్చాడు. భారతానికి వచ్చేసరికి హరి, హరుడు అని విడదీయకుండా హరిహరనాథుడికే అంకితమిచ్చి, విరాటపర్వంతో మొదలుపెట్టి 15 పర్వాలు పూర్తిచేశాడు.

మరి వదిలేసిన అరణ్యపర్వ శేషం? తర్వాతి శతాబ్దంలో ఎఱ్ఱన వచ్చి పూరించాడు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. మీరు వదిలిన దారి అనాథ కాదు, దాన్ని నడిచేవాణ్ని భగవంతుడు చూసుకుంటాడు. అన్నీ మీరే చేయాలన్న రూలేమీ లేదు.

చివరిగా ఒక ఆచరణ. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకు వేట నిషేధం. ఆ రోజుల్లో మావాళ్లు వలలు బాగుచేసుకుంటారు, పడవలకు మరమ్మతు చేసుకుంటారు. గడువు తీరగానే సముద్రంలోకి దిగుతారు. ఇంకొన్నాళ్లు చూద్దాం అనుకోరు. మీ నిర్ణయానికీ అలా ఒక తేదీ పెట్టుకోండి. ఆ లోపల అడగాల్సినవాళ్లని అడగండి, లెక్కలు వేసుకోండి, పొద్దున్నే దీపం ముందు ఐదు నిమిషాలు కూర్చుని ఆ నాలుగు ప్రశ్నలు వేసుకోండి. తేదీ వచ్చిన రోజు స్నానం చేసి, మీ సంకల్పం పైకి చెప్పి, నీళ్లు వదిలేయండి.

వదిలిన నీళ్లు మళ్లీ చేతిలోకి తీసుకోం కదా! ఆ తర్వాత దారులు పోల్చుకోవడం ఆపి, నడవడం మొదలుపెట్టండి.

హరిహరనాథుడి అనుగ్రహం మీ అందరికీ కలగాలి. శుభం.