అర్పణకు ముందే కొలత

వీరశైవ ధర్మమున అన్నమునకు గల స్థానము అసామాన్యమైనది. అష్టావరణములలో ప్రసాదమొకటి, షట్‌స్థలములలో మూడవది ప్రసాదిస్థలము. పొలమున పండినదియు, పొయ్యిపై వండినదియు పదార్థము మాత్రమే. లింగమునకు అర్పితమైన పిదపనే అది ప్రసాదమగును. అనర్పితమును ముట్టరాదనియు, ప్రసాదమును విడువరాదనియు పెద్దల నియమము.

ఈ రెండవ నియమమును కొందరు తమ బలహీనతకు కవచముగా చేసికొనుచున్నారు. ప్రసాదమును కాదనరాదు గదా యనుచు, ఆకలి తీరిన పిదపను విస్తరి నింపించుకొందురు. మరికొందరి బాధ ఇంతకంటె లోతైనది.

ఒక గృహిణి ఉన్నదనుకొనుడు. ఆమెకు ఉదయమున ఇష్టలింగార్చన తప్పదు. అందరి యెదుట మితముగనే భుజించును. ఇంటివారు నిద్రించిన పిదప, వంటయింట దీపమైన వెలిగింపక, డబ్బాలోని లడ్డూలను, కారపుబూందిని కడుపు నొచ్చువరకు తినును. తినునపుడు రుచి తెలియదు. తినిన పిదప సిగ్గు మిగులును. మరునాడు ప్రాయశ్చిత్తముగా ఉపవసించును. ఆ ఉపవాసపు ఆకలియే రాత్రి ఆమెను మరల ఆ డబ్బా చెంతకు నడిపించును. మెడలో లింగమున్నది, కాని ఆ రాత్రి తినిన దానిలో ఒక్క మెతుకైనను లింగమునకు అర్పితము కాలేదు.

ఆమెను తిండిపోతని నిందించుట తగదు. అదుపు తప్పి అతిగా తినుటను అమెరికా మనోవైద్యుల సంఘము 2013లో తన రోగనిర్ధారణ గ్రంథమున ప్రత్యేక రుగ్మతగా చేర్చినది. ఆహారవ్యసనమను పేరు విషయమున వైద్యులలో ఏకాభిప్రాయము లేకున్నను, ఆ బాధ సత్యము. ఇట్టివారే 1960లో లాస్ ఏంజెల్స్ నగరమున ‘ఓవర్‌ఈటర్స్ అనానిమస్’ అను సంఘముగా ఏర్పడిరి. ఆ సంఘము అందరికిని ఒకే పథ్యమును విధింపదు. ఎవరికి వారు తమకు తగిన భోజన ప్రణాళికను ఏర్పరచుకొని, ఒకరికొకరు తోడుగా నిలుతురు.

ఇట్టి ప్రణాళిక శరణమార్గమునకు పరాయిది కాదు. ప్రసాదమైన పిదప విడువరాదు గనుకనే, పదార్థముగా నున్నపుడే కొలత నిర్ణయింపవలెను. విడువరాదను నియమము అతిగా తినుమని చెప్పుట లేదు. ఆలోచించి వడ్డించుకొనుమని చెప్పుచున్నది.

ఉదయమున పూజ ముగిసిన పిదప, ఆనాడు ఏ వేళ, ఏమి, ఎంత భుజింపవలెనో వ్రాసికొనవలెను. మధ్యాహ్నమునకు రెండు జొన్నరొట్టెలు, ఒక గిన్నె పప్పు, ఆకుకూర, మజ్జిగ అని ఒకరు వ్రాసికొనవచ్చును. అది ఆకలి తీర్చునంత ఉండవలెను. కడుపు మాడ్చు ప్రణాళిక నిలువదు. ఏది మొదలిడిన ఆపుట కష్టమో, దానిని కొంతకాలము ఇంట నుంచరాదు. పొలమున కాయకము చేయువానికిని, అంగడిలో కూర్చుండువానికిని ఒకే కొలత చెల్లదు. మధుమేహమునకు మందు వాడువారును, గర్భిణులును వైద్యుని అడిగియే నిర్ణయించుకొనవలెను. ఆ కాగితమును గురువుకో, అక్కకో, నమ్మదగిన మరియొకరికో చూపవలెను. చీకటిలో పెరిగిన అలవాటు ఒంటరిగా తొలగుట అరుదు.

ఒకనాడు నియమము తప్పినచో శిక్షగా పస్తుండవలదు. తరువాతి పూటనే, అనుకొన్న వేళకు అనుకొన్నంత అర్పించి భుజింపవలెను. మాటిమాటికి తప్పుచున్నచో వైద్యుని ఆశ్రయించుటకు సిగ్గుపడరాదు.

ఇంటివారికిని, మఠములకును ఇందు బాధ్యత కలదు. పన్నెండవ శతాబ్దమున కళ్యాణమందు బసవేశ్వరుడు కాయకమును, దాసోహమును ఒకదానితో నొకటి ముడివేసెను. దాసోహమనగా ఆకలిగొన్నవానికి పెట్టుట. చాలుననువానికి బలవంతముగా వడ్డించుట కాదు. పంక్తిలో ఒకరు ‘చాలు’ అన్నపుడు ఆ మాటను మన్నించుటయు దాసోహమే. మిగిలిన రొట్టె ఇంకను తినని వానికి చేరును.

ఆ గృహిణి రేపు చేయవలసినది పెద్ద వ్రతమేమియు కాదు. వంటయింట దీపము వెలిగించి, తన కొలతను తాను వడ్డించుకొని, కరతలమందలి లింగమునకు చూపి భుజించిన చాలును. దాచి తినిన అన్నము పదార్థముగనే మిగులును. అర్పించి తినిన పిడికెడైనను ప్రసాదమగును.