బండి ఎత్తు

పాత అంబాసిడర్‌నీ కొత్త థార్‌నీ పక్కపక్కన పెట్టి ఏది మంచిదని అడిగితే, కొందరు ఇంజిన్ గురించి మాట్లాడతారు, కొందరు చిన్నప్పటి జ్ఞాపకాల్లోకి జారుకుంటారు. నాకు మాత్రం ఇందులో ఒక నైతిక ప్రశ్న కనిపిస్తుంది. నా భద్రతకు ధర ఎవరు కడుతున్నారు?

ముందు అంబాసిడర్‌కి దండ వేయడం మానేద్దాం. బ్రిటన్‌ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో 1950ల చివర్లో మొదలై, 2014 దాకా కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో పెద్దగా రూపు మారకుండా తయారైన కారు అది. సోఫాలాంటి సీటు, గుండ్రటి బానెట్. గుద్దుకుంటే లోపలున్నవాళ్ళకి దేవుడే దిక్కు. పోనీ వినయానికి గుర్తా అంటే అదీ కాదు. తెల్లరంగేసి నెత్తిన ఎర్రబుగ్గ పెడితే రోడ్డంతా పక్కకి తప్పుకునేది. కాకపోతే ఆ అధికారం బుగ్గది, బండిది కాదు. బుగ్గ లేకపోతే అదే కారు పెళ్ళిళ్ళకి ట్రిప్పులు కొట్టే టాక్సీ. 2017 మే 1 నుంచి ప్రభుత్వం ఆ బుగ్గలూ తీయించేసింది.

థార్ లెక్క వేరు. 2020లో వచ్చిన మోడల్‌కి గ్రౌండ్ క్లియరెన్స్ 226 మిల్లీమీటర్లు. 650 మిల్లీమీటర్ల లోతు నీళ్ళలో దిగగలదు. మన్యంలో వాగు దాటాల్సినవాళ్ళకి ఇవన్నీ నిజంగా అవసరమే. గచ్చిబౌలిలో మాత్రం, రోడ్లు మునిగే నాలుగు వానరోజులు తీసేస్తే, ఏడాదంతా వాడుకునేది ఒక్కటే: ఎత్తు. ఆ ఎత్తుని ఏ జీవో ఇవ్వలేదు, కాబట్టి ఏ జీవో తీసెయ్యదు కూడా.

లోపలున్నవాళ్ళని కాపాడుకోవడం తప్పా? కాదు. 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో థార్‌కి నాలుగు నక్షత్రాలొచ్చాయి. అయితే అవి బండి లోపల కూర్చున్న పెద్దలకీ పిల్లలకీ సంబంధించినవి. బయట నడిచేవాళ్ళకి అందులో లెక్కే లేదు. అమెరికాలో ఐఐహెచ్ఎస్ అనే సంస్థ 2023లో ఆ లెక్క తీసింది. 30 అంగుళాల లోపు వాలు బానెట్ ఉన్న బండ్లతో పోలిస్తే, బానెట్ 40 అంగుళాలు దాటినవి పాదచారిని గుద్దినప్పుడు ప్రాణం పోయే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువట. రోడ్లు అక్కడివే గానీ, ఒళ్ళు అందరిదీ ఒకటే. కిందికున్న బానెట్ కాళ్ళకి తగులుతుంది. ఎత్తైనది గుండెకి తగులుతుంది, చిన్నపిల్లలకైతే తలకి.

సాఫ్ట్‌వేర్‌లో వాడని ఫీచర్ బరువు కూడా సిస్టమ్ మోస్తూనే ఉంటుంది. రోడ్డు మీద ఆ బరువు మోసేది ముక్కూమొహం తెలియని మనిషి.

ఈ ఏడాది నేనూ కారు కొనాలి. పాప వెనక సీట్లో కూర్చుంటుంది. అమ్మ పొద్దున్నే పాలప్యాకెట్ కోసం రోడ్డు దాటుతుంది. పాపని తలుచుకుంటే నాకు పెద్ద బండి కావాలనిపిస్తుంది. అమ్మని తలుచుకుంటే ఎదుటివాడికి చిన్న బండి ఉండాలనిపిస్తుంది. రోడ్డు దాటే ఇంకెవరి అమ్మకో ఆ ఎదుటివాణ్ణి నేనే కదా.