దరఖాస్తులో మతం అనే కాలమ్



మూలా నక్షత్రం రోజున మన పిల్లలు పలకా బలపం, పుస్తకాలు అమ్మవారి ముందు పెట్టి దణ్ణం పెట్టుకుంటారు. మనం పక్కన నిలబడి మురిసిపోతాం. ఆ తరువాత కొద్ది నెలలకే అడ్మిషన్ల హడావుడి మొదలవుతుంది. ఇక్కడ ఇండియన్ స్కూల్లో చదివినంతకాలం మతం అనే మాట మన దాకా రాదు. కుటుంబాన్ని ఇండియా పంపేద్దామనుకున్నప్పుడే వస్తుంది. మన ఊళ్ళలో మంచి పేరున్న స్కూళ్ళు చాలావరకు క్రైస్తవ సంస్థలవే. వాటిలో కొన్ని, ముందు క్రైస్తవ పిల్లలకు సీట్లిచ్చి, మిగిలితేనే ఇతరులకు ఇస్తాయి.

మూడేళ్ళ క్రితం మా ఇంట్లో అదే జరిగింది. మా అమ్మగారి ఆరోగ్యం బాగుండక, నా భార్యను, తొమ్మిదేళ్ళ మా అమ్మాయిని గుంటూరు పంపాలనుకున్నాం. ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక మిషన్ స్కూలు ఉంది. సీటు కష్టమన్నారు. తెలిసినాయన ఫోన్ చేసి, "డాక్టరు గారూ, మీరు చర్చికి వస్తుంటారని ఒక పాస్టర్ గారి చేత లెటర్ రాయిస్తాను. కాగితమే కదా, దాంతో మీ దేవుడు ఎక్కడికీ పోడు" అన్నాడు. నేను కాదనలేదు. "చూద్దాం" అన్నాను. చూద్దాం అంటే అర్థం ఏమిటో మీకూ తెలుసు.

ఆ మాటలు మా అమ్మాయి విన్నది. "నాన్నా, మనం ఏ చర్చికి వెళ్తున్నాం?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

అసలు అలాంటి నియమం న్యాయమేనా? నాకూ మొదట కోపం వచ్చింది. నిదానంగా ఆలోచిస్తే, ఒక సమాజం తన డబ్బుతో, తన పిల్లల కోసం బడి కట్టుకుని వాళ్ళకు ముందు చోటివ్వడంలో తప్పు కనిపించలేదు. రేపు మన సొసైటీ ఒక వేదపాఠశాల పెడితే మనమూ అదే చేస్తాం. మన రాజ్యాంగం 30వ అధికరణంలో అల్పసంఖ్యాక వర్గాలకు విద్యాసంస్థలు స్థాపించి నడుపుకునే హక్కు ఇచ్చింది. ప్రభుత్వ సహాయం తీసుకునే సంస్థ మతం ఒక్కటే కారణంగా ఎవరికీ ప్రవేశం నిరాకరించకూడదని 29వ అధికరణం చెప్పింది. ఈ రెండింటినీ ఎలా కలిపి నడపాలో 1991లో సెయింట్ స్టీఫెన్స్ కాలేజీ కేసులోనూ, 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులోనూ సుప్రీంకోర్టు తర్జనభర్జన పడింది. తల్లిదండ్రులు తెలుసుకోవలసింది మరొకటుంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడిలోనైనా, పెద్దల సమ్మతి లేకుండా పిల్లలను మతబోధలో గాని ప్రార్థనలో గాని పాల్గొనమని బలవంతపెట్టకూడదు. అది 28వ అధికరణం. కాబట్టి సమ్మతి ఇవ్వడం, ఇవ్వకపోవడం మన చేతిలోనే ఉంది.

మన పెద్దల భయం ఇంకొకటి: బడికి పంపితే పిల్లవాడు మనవాడిగా తిరిగి వస్తాడా అని. ఈ భయానికి కారణం లేకపోలేదు. రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో పెట్టిన బడిలో 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకున్నారు. ఊరు అట్టుడికింది. తల్లిదండ్రులు పిల్లలను మాన్పించేశారు. అయితే ఆ కథలో మనం చెప్పుకోని భాగం కూడా ఉంది. అగ్రవర్ణాల వారు పంపరనే కారణంతో ఆ బడిలో మొదట్లో అంటరానివారనే పిల్లలను చేర్చుకోలేదు. మన వీధిబడులూ వాళ్ళను గుమ్మం ఎక్కనివ్వలేదు. తరువాత ఆ పిల్లల్లో ఎందరికో మొదటి అక్షరం దొరికింది మిషన్ బడుల్లోనే. ఇవాళ ఎవరో మన పిల్లకు సీటు లేదన్నారని బాధపడే ముందు, ఇది కూడా గుర్తుంచుకోవాలి.

ఇక సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. తిరుపతిలో లూథరన్ మిషన్ బడి, వేలూరులో వూర్హీస్ కాలేజీ, ఆపైన మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ. చదువు చాలావరకు మిషన్ల దగ్గరే. అక్కడ హిందూమతం మీద విన్న విమర్శలే తనను ఆ మతాన్ని లోతుగా చదివేలా చేశాయని ఆయనే రాసుకున్నారు. ఎం.ఏ.లో వేదాంతంలోని నీతిపైనే పరిశోధన వ్యాసం సమర్పించారు. ఇల్లు గట్టిగా ఉంటే బడి భయపెట్టదు.

ఆ వేలూరు కాలేజీని నడిపింది అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చి. మన మత్రాలో మిషన్ ఆసుపత్రి నడిపిందీ ఆ చర్చే. డాక్టర్ షారన్ థామ్స్ 1913లో ఇక్కడే టెలిఫోన్ స్తంభం మీద నుంచి పడి చనిపోయారు. ఆయన కుమారుడు డాక్టర్ వెల్స్ థామ్స్ 1939లో వచ్చి 1970 దాకా ఇక్కడి జనానికి వైద్యం చేశారు. రోగి ఏ మతం వాడైనా చూశారు. అలాగని తాము ఎవరో, ఎందుకు వచ్చారో ఎన్నడూ దాచుకోలేదు. ఒక వైద్యుడిగా నాకు వాళ్ళలో నచ్చేది ఇదే.

మా వృత్తిలో ఒక కష్టం ఉంది. రోగి తన సంగతి తప్పు చెబితే, ఎంత మంచి మందైనా పెడదారి పడుతుంది. అబద్ధంతో మొదలైన చదువూ అంతే. పిల్ల రోజూ బడిలో ఆ అబద్ధాన్ని కాపాడాలి. పైగా ఆ సీటు ఒక పేద క్రైస్తవ కుటుంబం కోసం ఉంచినదైతే, మన లెటర్ వాళ్ళ పిల్లను బయట నిలబెడుతుంది. "అన్నీ ఒకే దేవుడి రూపాలే కదా" అంటారు. నిజమే. ఆ నమ్మకం ఏ ప్రార్థన దగ్గరైనా గౌరవంగా నిలబడమంటుంది. లేని సభ్యత్వం ఉన్నట్టు రాయమనదు.

నేను ఫిలిప్పీన్స్‌లో వైద్యం చదివిన రోజుల్లో క్లాసు ప్రార్థనతో మొదలయ్యేది. అందరితో పాటు లేచి నిలబడేవాణ్ణి. శిలువ గుర్తు వేసుకునేవాణ్ణి కాదు. ఎవరూ తప్పు పట్టలేదు. 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో మన సుప్రీంకోర్టు చెప్పిందీ దాదాపు ఇదే. కేరళలో యెహోవాసాక్షుల పిల్లలు ముగ్గురు జాతీయగీతానికి లేచి నిలబడేవారు కాని పాడేవారు కాదు. బడి వాళ్ళను పంపించేసింది. అది తప్పని కోర్టు తేల్చింది. గౌరవం చూపడం వేరు, నమ్మకం నటించడం వేరు.

తెలిసినాయనకు ఫోన్ చేసి లెటర్ వద్దన్నాను. మతం అనే కాలమ్‌లో హిందూ అని రాశాను. సీటు రాలేదు. మా అమ్మాయి ఇప్పుడు బస్సులో ముప్పావుగంట వెళ్ళి వేరే బడిలో చదువుతోంది. పొద్దున్నే లేపాల్సి వచ్చినప్పుడు, నా భార్య ఫోన్‌లో ఆ పక్కవీధి బడిని గుర్తు చేస్తూనే ఉంటుంది. ఆవిడ కోపంలోనూ న్యాయం ఉంది. ఆ కష్టం నాది కాదు, వాళ్ళిద్దరిదీ.

అయినా ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు, మా అమ్మాయి తన దరఖాస్తు ఒకటి తనే నింపుతూ ఆ కాలమ్ దగ్గర ఆగకుండా రాసుకుపోయింది. అది చాలనిపించింది.

చదువుల తల్లి మన పిల్లలకు విద్యను, మనకు నిజం చెప్పే ధైర్యాన్ని ప్రసాదించాలని కోరుకుంటూ, సెలవు.