పేరు కొట్టించిన విమానం

గిన్నె మీద పేరు కొట్టించడం మనకేం కొత్త కాదు. పెళ్ళికి వెళితే స్టీలు డబ్బా, గృహప్రవేశానికి బిందె, ఎవరైనా పోతే వారి జ్ఞాపకార్థం పళ్ళెం. దాని అంచున చుక్కలు చుక్కలుగా ఇంటిపేరుతో సహా పేరు. మా అటక మీద నేనెన్నడూ ముఖం చూడనివాళ్ళ పేర్లతో పదిహేను గిన్నెలైనా ఉంటాయి. అయితే విమానం మీద పేరు కొట్టించి ఇచ్చిన మహానుభావుడు కూడా ఉన్నాడని మొన్న దసరా దాకా నాకు తెలీదు.

లండన్‌లో చదువుకుంటున్న మా మేనల్లుడు హెండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం చూడ్డానికి వెళ్ళి, అక్కణ్ణుంచే ఫోటో పంపించాడు. "అత్తా, మన హైదరాబాదు చూడు!" అని. రెండు వరసల రెక్కలతో, ఇద్దరే కూర్చునే పాతకాలపు విమానం. దాని ఒంటి మీద హైదరాబాద్ నంబరు 12ఏ అనీ, నిజాం ప్రభువు బహూకరించినదనీ రాసుంది. అచ్చం మన గిన్నెల మీద లాగే!

వాడు నాకే ఎందుకు పంపాడంటే, విమానాల పిచ్చి నాకు చిన్నప్పటినుంచీ ఉంది. మాది తాడేపల్లిగూడెం. మెట్టినిల్లు ఏలూరయినా, సైకిలు నేర్చుకున్నది మాత్రం గూడెంలో పాత రన్‌వే మీద. 1942 ఏప్రిల్ 6న జపాను వాళ్ళు కాకినాడ మీదా విశాఖపట్నం మీదా బాంబులు వేశారు. ఆ యుద్ధకాలంలోనే తెల్లవాళ్ళు మా ఊళ్ళో ఈ రన్‌వే వేశారు. నాకు తెలిసేటప్పటికి దాని మీద వడ్లు ఆరబోసుకునేవారు. ఇక్కడ ఏ విమానం దిగింది, ఎటు ఎగిరిందని అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయేవారు. అందుకని పుట్టుక దగ్గర్నుంచి జాతకం దొరికిన విమానం కనబడేసరికి పుస్తకాలూ కాగితాలూ ముందేసుకుని కూర్చున్నాను. రెండు రోజులు మా ఇంట్లో పచ్చడి మెతుకులే.

దాని జాతకం ఇది. డీహెచ్ 9ఏ అనే రకం, ఎఫ్ 1010 నంబరు. 1918లో ఇంగ్లండులో వెస్ట్‌లాండ్ వారు కట్టారు. దానికి 400 గుర్రాల బలమున్న అమెరికా ఇంజను. మొదటి ప్రపంచయుద్ధంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఒక దళానికి సరిపడా విమానాలకు సొమ్మిచ్చాడు. అందుకే ఆ 110వ దళానికి హైదరాబాదు దళమనే పేరొచ్చింది. (నిజాంగారి సొమ్మంటే చివరికి రైతు కట్టిన శిస్తేననుకోండి. వాళ్ళ పేర్లన్నీ రాయాలంటే రెక్కలు కూడా చాలవు.) ఆ దళం మొదటి దాడికి బయల్దేరింది సెప్టెంబరు 14న. అక్టోబరు 5న జర్మనీ మీద దాడికి వెళ్ళి మన 12ఏ శత్రువుల నేల మీద దిగిపోయింది. అందులో ఇద్దరూ ఖైదీలయ్యారు. అంటే దాని యుద్ధం పట్టుమని మూడు వారాలన్నమాట!

ఆ తర్వాత కథే పెద్దది. జర్మన్లు దాన్ని బెర్లిన్ మ్యూజియంలో పెట్టుకున్నారు. రెండో యుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు పడుతుంటే తూర్పుకి తరలించారు. అలా పోలండులో చిక్కుకుని క్రాకోవ్ చేరింది. 1977లో ఇంగ్లీషువాళ్ళు ఒక స్పిట్‌ఫైర్ విమానాన్ని పోలండుకిచ్చి దీన్ని తెచ్చుకున్నారు. పాత చీరలిచ్చి స్టీలు సామాను తీసుకున్నట్టు! రెక్కలు పోతే కొత్తవి కట్టి నిలబెట్టారు.

ఇదంతా చదివాక నాకో సందేహం పట్టుకుంది. ఈ చరిత్రలో విమానానికి జరిగినదంతా ఉంది. విమానం వల్ల కింద ఎవరికి ఏం జరిగిందో నేను చదివినంతలో ఎక్కడా లేదు. ఆ బాంబు ఒకరి వంటింటి మీద పడిందనుకోండి, అది వేసిన వాడి ఖాతాలోదా, పేరు కొట్టించినవాడి ఖాతాలోదా? మేనల్లుణ్ణి అడిగితే, "ఇచ్చేశాక ఆయనకేం సంబంధం అత్తా?" అన్నాడు. లెక్కప్రకారం సబబే.

కానీ మా మామ్మ అలా అనుకోలేదు.

మామ్మ కొల్లేటి లంకల్లో ఒక ఊళ్ళో అమ్మవారి గుడికి, సంబరాలప్పుడు అన్నం వండుకోమని ఇత్తడి గుండిగ ఇచ్చింది. మీద తన పేరూ, ఊరూ. 1996లో, మద్యనిషేధం ఉన్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఎక్సైజు జవాను మా వాకిట్లో నిలబడ్డాడు. లంకలో సారా బట్టీ పట్టుకున్నారట, ఊట మరుగుతున్న గుండిగ మీద మామ్మ పేరుందట! నాన్నగారికి చెమటలు పట్టాయి. డెబ్భై రెండేళ్ళ మామ్మని చూసి ఆ జవాను కూడా సిగ్గుపడి, "విచారించాలి గనక వచ్చాను మామ్మగారూ" అన్నాడు.

మామ్మ అతనికి మజ్జిగిచ్చి, "అది తాగి ఎవరైనా పోయారా నాయనా?" అని అడిగింది.

అతనికి తెలీదు. మర్నాడు మామ్మ పాలేర్ని తోడు తీసుకుని, బస్సు దిగి పడవెక్కి, ఆ లంకకి వెళ్ళింది. ఎవరూ పోలేదట. ఒకడికి మాత్రం వాంతులూ విరేచనాలూ అయి వారం మంచమెక్కాడట. వాడి పెళ్ళాం చేతిలో యాభై రూపాయలు పెట్టి వచ్చింది. నాన్నగారు విసుక్కుంటే, "నా గుండిగలో కాచింది తాగాడుగా" అంది. కేసు తేలాక, గునప్పోట్లతో చిల్లులు పడ్డ గుండిగ ఇంటికి చేరింది. పేరు అరగదీయించేద్దామన్నారు నాన్నగారు. మామ్మ ఒప్పుకోలేదు. "అది ఉండబట్టే కదురా నాకు తెలిసింది!" అంది.

ఆ మాట నేను చాలా ఏళ్ళు మూర్ఖత్వమనుకున్నాను. పేరు కొట్టించడమంటే దర్పమేనని కదా మన అభిప్రాయం? మామ్మకి అది చిరునామా. తను ఇచ్చింది ఏం చేసినా ఆ కబురు తన గుమ్మంలోకి రావాలి. పైగా ఆమె ఇచ్చింది అన్నానికి, వాళ్ళు వాడింది సారాకి. విమానం అలా కాదే! అది ఎందుకిచ్చారో అందుకే వాడారు.

మరి మా రన్‌వే? దాని కింద మామ్మ పుట్టింటివారి మెట్టచేను కొంత పోయిందట. అక్కడి తారు మీద ఏ రైతు పేరూ లేదు. దాని మీంచి లేచిన విమానం ఏ ఊరి మీద ఏం పడేసిందో చెప్పడానికి ఎవరి వాకిట్లోకీ ఎవరూ రాలేదు. ఇప్పుడా చుట్టుపక్కల నిట్ భవనాలు లేచాయి. మా వాళ్ళకి పోయిన భూమి మీద కోపం ఉందిగానీ, ఈ సంగతి ఏనాడూ తట్టలేదు. నాకూ తట్టలేదు, ఆ ఫోటో వచ్చేదాకా.

గుండిగ ఇప్పటికీ గూడెంలో మా అన్నయ్య ఇంటిముందుంది. చిల్లుల్లోంచి నీళ్ళు చక్కగా కారిపోతాయని అందులో కనకాంబరాలు వేశారు. మామ్మ ఉన్నన్నాళ్ళూ, సున్నాలు వేసేవాళ్ళు దాన్ని జరిపినప్పుడల్లా, వెనకే వెళ్ళి పేరున్న వైపు మళ్ళీ వీధికి తిప్పించేది.