కడపటి త్రాడు

పుదుచ్చేరి పట్టణమున రంగపిళ్ళె వీథిలో, అంగడికి చేరువనే, ఫ్రెంచి గవర్నరు డూప్లే దొరకు దుబాసియై, ఆనందరంగరాట్ఛందమను తెలుగు లక్షణగ్రంథమును అంకితముగొన్న ఆనందరంగపిళ్ళె గృహము నేటికిని నిలిచియున్నది. క్రింద చెక్కిన దారుస్తంభములు, మీద ఫ్రెంచివారి ఫక్కిని కట్టిన తెల్లని స్తంభములు. పొత్తును ఇల్లుగా కట్టిన ఆ చోట నిలిచినపుడెల్ల నన్ను వేధించు ప్రశ్న యొక్కటే: ప్రయోజనమునకై కూడినవారు ప్రయోజనము తీరినంతనే విడిపోవుట ధర్మమగునా?

శాంతిపర్వమున భీష్ముడు చెప్పిన మార్జాలమూషికముల కథను ఇచట స్మరింపవలెను. పిల్లి వలలో చిక్కినది. ఎలుకకు నేలపై ముంగిస, కొమ్మపై గ్రుడ్లగూబ కాచియున్నవి. పలితుడను ఆ ఎలుక పిల్లితో పొత్తు కుదుర్చుకొని, దాని యొడిలో తలదాచుకొని, త్రాళ్ళన్నియు కొరికి, కడపటిదానిని మాత్రము వేటకాడు కంటబడువరకు మిగిల్చి, వాడు సమీపించినంతనే అదియు తెగగొరికి కలుగు చొచ్చెను. ఆపద తీరిన పిమ్మట పిల్లి చెలిమికి పిలువగా, కారణమున పుట్టిన మైత్రి కారణముతోనే తీరినదని ఎలుక కలుగులోనుండియే చెప్పెను. పలువురు ఇందు లౌక్యమునే చూతురు. నాకు మాత్రము ఇందు సత్యము కానవచ్చును. మాట యిచ్చిన త్రాటిని కొరికిన తరువాతనే అది విడిపోయినది, విడిపోవుటను దాచనులేదు.

కడప, కర్నూలు నవాబుల నడవడి దీనికి కేవలము విపరీతము. హైదరాబాదు నిజాము నాసర్ జంగు కొలువుననే యుండి వారు డూప్లే పక్షముతో లోలోపల బేరమాడిరి. 1750 డిసెంబరున సెంజి సమీపమున అతడు వారిలోనొకనిచేతనే హతుడయ్యెను. రెండు నెలలకే, పంపకమున తృప్తి చాలక, తాము గద్దెకెక్కించిన ముజఫర్ జంగుపైననే రాయచోటి సీమలో కత్తి దూసిరి. అతడును వారి తిరుగుబాటుననే కూలెను. రహస్యముగా పాతవానిని విడిచివచ్చినవాడు క్రొత్తవానికిని నమ్మదగినవాడు కాడని గ్రహించుటకు ఇంతకు మించిన తార్కాణ మేల?

జమాఖర్చులు చూచుకొని పాత పొత్తును తూచుటకు, క్రొత్త భాగస్వామిని వెదకుటకు, వర్తకసంఘముల నిర్వాహకులకు నాడును నేడును హక్కు కలదు. దానిని నేను కాదనను. నష్టము తెచ్చు స్నేహమును మోయుమని ఏ శాస్త్రమును విధింపలేదు. కాని కూడియున్న కాలమున పుట్టిన ఋణము వియోగముతో రద్దగునా? ఫ్రెంచి కంపెనీవారు 1754లో డూప్లే స్థానమున గోదెహ్యూను పంపి అతనిని వెనుకకు పిలిపించిరి. అతని యుద్ధములు వలదనుకొనుట వారి వివేకమే కావచ్చును. అయితే ఆ యుద్ధములకు తన సొంత ధనము వెచ్చించితినని అతడు చూపిన లెక్కను వారు అంగీకరింపలేదు. ఆ బాకీ కొరకు ఏండ్లతరబడి తిరిగి తిరిగి, అది చేతికందకయే, 1763లో అతడు దారిద్ర్యమున కన్నుమూసెను.